రెండు నొక్కితే మా ఆవిడ

2007 ఆగస్టు 14, మంగళవారం. సాయంత్రం ఐదున్నర. నర్సీపట్నం, మా ఇల్లు. బయట వాన.

హాజరైనవారు: మా ఆవిడ (చర్చి స్త్రీల సమాజం సెక్రటరీ). ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన నర్సమ్మగారు. టైలరమ్మ. మాకవరపాలెం రోడ్డులో జీడితోట ఉన్న ఆవిడ. టీచరమ్మలు ఇద్దరు. గంట కొట్టే ఆయన భార్య, ముసలామె. ఇంకా ఆరుగురు. మా ఆవిడ కాక మొత్తం పన్నెండు మంది. ఫోన్లు పదకొండు, ఎందుకంటే ముసలామెకు ఫోను లేదు. మగవాళ్ళలో నేనొక్కణ్ణే. ఫోనులో హాజరు: మా మరదలు, కొయ్యూరు అవతలి కొండ ఊరి నుంచి, ఆరు నిమిషాలు.

ఆ రోజు డైరీలో ఇలాగే రాసుకున్నాను. మామూలుగా మంగళవారం ప్రార్థన కూడికకు ఇంత వివరం రాయను. ఆ మంగళవారం ఒక నిర్ణయం జరగాలి కాబట్టి రాశాను. ఆ పన్నెండు మంది ఒప్పుకుంటే మా ఆవిడ తన కొత్త ఫోను నంబరు ఉంచుకుంటుంది. ఒప్పుకోకపోతే పాత నంబరుకు వెళ్ళిపోతుంది. వెళ్ళిపోతే కొండమీదున్న చెల్లెలితో సాయంత్రం మాటలు ఆగిపోతాయి.

అక్కడిదాకా ఎలా వచ్చిందో ముందు చెప్పాలి.

నేను పోస్టాఫీసులో పనిచేసి సబ్ పోస్టుమాస్టరుగా రిటైరయ్యాను. మా పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ అక్కచెల్లెళ్ళ ఉత్తరాలు నా చేతి మీదుగానే నడిచాయి. మా మరదలు కొయ్యూరు వైపు ఆశ్రమ పాఠశాలలో టీచరు. మా తోడల్లుడికి అక్కడే కొంచెం జీడితోట. 1990ల్లో వారానికి రెండు కార్డులు దిగేవి, రెండు ఎక్కేవి. పొద్దున్న బస్సులో వచ్చిన సంచి విప్పగానే మా మరదలి గుండ్రటి దస్తూరీ నాకు దూరం నుంచే తెలిసేది. నా భార్యకు వచ్చిన కార్డు మీద నేనే ముద్ర కొట్టి, చదవకుండా జేబులో పెట్టుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికి తీసుకువెళ్ళేవాణ్ణి. చదవకుండా అన్నాను కానీ, కార్డు కదా, కంటపడినంత పడేది. ఎక్కువగా పచ్చళ్ళ సంగతులు, నా గురించి ఫిర్యాదులు.

పోస్టాఫీసులో నాకు బాగా ఇష్టమైన పని ఒకటుండేది. ఎవరైనా ఇల్లు మారితే మాకొక కాగితం రాసి ఇచ్చేవారు. పాత చిరునామాకు వచ్చిన ఉత్తరం మీద ఆ చిరునామా కొట్టేసి, పక్కన కొత్తది రాసి, వాళ్ళున్న చోటికి పంపేవాళ్ళం. దానికో గడువుంది. గడువు దాటాక కూడా నేను పంపుతూనే ఉండేవాణ్ణి. మాకవరపాలెం నుంచి యలమంచిలి వెళ్ళిపోయిన ఒక కుటుంబానికి ఆరేళ్ళు అలా పంపాను. మనిషి కదిలితే ఉత్తరం వెనకాలే కదలాలి, అంతే. నంబరు మార్చడం కూడా అలాంటిదే అనుకున్నాను. నా తప్పంతా అక్కడ మొదలైంది.

మా ఇంటి ల్యాండ్‌లైన్ వాన పడ్డప్పుడల్లా మూగబోయేది. 2004లో దాన్ని వదులుకుని ఆవిడకు సెల్‌ఫోను కొన్నాం. చర్చిలో ఆడవాళ్ళంతా అప్పటికే ఒక పెద్ద కంపెనీలో ఉన్నారు. అందులో వాళ్ళల్లో వాళ్ళు మాట్లాడుకుంటే ఉచితం. మేమూ అందులోనే చేరాం. అందరి ఫోన్లూ ఒకే రకం: టార్చిలైటున్న చిన్న నల్ల ఫోను. ఒక క్రిస్మస్‌కు రీచార్జి కొట్టు ఆయన ఒక్కసారిగా తెప్పించి అందరికీ అమ్మాడు. చాలామందికి ఫోనులో పేర్లు వెతకడం రాదు. అందుకని ఆయనే ప్రతి ఫోనులోనూ 'రెండు' గట్టిగా నొక్కి పట్టుకుంటే మా ఆవిడకు వెళ్ళేలా పెట్టి ఇచ్చాడు.

ఎందుకు మా ఆవిడకంటే, ఎవరింట్లో జబ్బు చేసినా, పురుడైనా, చావైనా, వంతులవారీగా భోజనం పంపే ఏర్పాటు సెక్రటరీదే. మా చర్చిలో అది పాత ఆచారం. మాటలు ఉచితమైనా, ఫోన్లు వచ్చాక దానికో మిస్డ్ కాల్ పద్ధతి ఏర్పడింది. ఒక రింగు ఇచ్చి పెట్టేస్తే 'ఖాళీ అయినప్పుడు చెయ్యండి' అని. రెండు రింగులైతే 'పనుంది'. మూడైతే 'బేగి', అంటే త్వరగా. మా ఆవిడ వెంటనే తిరిగి చేసేది. ఈ పద్ధతి ఎవరూ కూర్చుని తీర్మానించింది కాదు, దానంతటదే అలవాటైపోయింది. నేను మాత్రం డైరీలో తేదీతో రాసి పెట్టుకున్నాను.

మా ఆవిడ ఫోనులో కూడా రెండో బటన్‌కు ఒక మనిషిని పెట్టాను. ఆవిడ చెల్లెల్ని.

ఆ కొండ ఊరికి పెద్ద కంపెనీ సిగ్నలు లేదు. 2005లో చిన్న కంపెనీ ఒకటి అక్కడ టవరు వేసింది, మా మరదలు దాని సిమ్ము తీసుకుంది. ఆ ఏడే మా తోడల్లుడికి పక్షవాతం వచ్చింది. ఆయన్ని వదిలి ఆవిడ కొండ దిగలేదు. కార్డులు రాసే ఓపిక కూడా పోయింది. ఇక మిగిలింది ఫోనే. ఆ ఫోనేమో కలిసేది కాదు. పెద్ద కంపెనీ నుంచి చిన్న కంపెనీకి ఊళ్ళో అయితే కలిసేది కానీ, ఆ కొండ టవరుకు చేస్తే, 'ఈ మార్గంలోని లైన్లన్నీ బిజీగా ఉన్నాయి' అని ఒకావిడ చెప్పేది. అటునుంచి చేసినా అంతే. మా ఆవిడ సాయంత్రం ఆరున్నరకు మేడెక్కి రెండు నొక్కి పట్టుకునేది. మళ్ళీ నొక్కేది. నేను కింద కూర్చుని ఎన్నిసార్లు నొక్కిందో విని రాసుకునేవాణ్ణి. వారంలో ఒక రోజు కలిస్తే గొప్ప.

"ఆ లైన్లావిడికి అలుపు రాదేటండీ," అనేది దిగి వచ్చి. "నాకొచ్చీసింది."

రెండేళ్ళు అలా గడిచాక, చిన్న కంపెనీకి మారిపోదామని నేనే అన్నాను. ముందు పెద్ద కంపెనీ కౌంటరుకు వెళ్ళి, పాత నంబరుకు వచ్చే ఫోన్లు కొన్నాళ్ళు కొత్త నంబరుకు పంపుతారా అని అడిగాను. కౌంటరులో అమ్మాయి మర్యాదస్తురాలు. "అలా పంపడం కుదరదండీ. నంబరు కంపెనీది కదండీ, మీరు వాడుకుంటున్నారంతే," అంది. నేను ముప్పై ఆరేళ్ళ సర్వీసు గురించి చెప్పబోయాను. నా వెనక ఆరుగురున్నారు.

అందుకని నేనే చేశాను. జూన్ ఆఖర్లో కార్డులు కొని, సమాజంలో ప్రతి సభ్యురాలికీ రాశాను: 'ఫలానా తేదీ నుంచి సెక్రటరీ గారి ఫోను నంబరు మారుతున్నది. దయచేసి గమనించగలరు.' నంబరు ఎర్ర సిరాతో రాసి కింద గీత గీశాను. అన్ని కార్డులూ చేరాయి, కనుక్కున్నాను. కొత్త సిమ్ముకు అలాంటిదే ఇంకో ఫోను కొన్నాం. పాత ఫోను కొన్నాళ్ళు అలమరలో ఉంచాం.

కొత్త ఫోనులో మొదటి సాయంత్రం చెల్లెలు మొదటి రింగుకే పలికింది. మా ఆవిడ మేడమీదికి వెళ్ళక్కరలేదని కూడా మరిచిపోయి అక్కడే నిలబడి మాట్లాడింది. నేను మెట్ల మీద కూర్చున్నాను. ఇద్దరూ అరగంట మాట్లాడుకుని, చివర తోడల్లుడి చెవి దగ్గర ఫోను పెట్టి ఒక కీర్తన పాడారు. ఆయనకు మాట రాదు కానీ తాళం వేశాడట. ఆ రోజు నుంచి అది రోజూ జరిగేది.

పన్నెండు మంది మాత్రం కదల్లేదు. నేను రాసిన కార్డులు మరుసటి ఆదివారం బైబిళ్ళలో కనిపించాయి. చక్కగా పేజీ గుర్తుకు పెట్టుకున్నారు. ఫోన్లలో రెండు నొక్కితే పాత నంబరుకే వెళ్తున్నది. అలమరలో ఫోను ఒక రింగు, రెండు రింగులు కొట్టి ఊరుకునేది. దాన్ని కూడా వెంట తిప్పుతూ రెండు వారాలు చూశాం. ఏది ఇంట్లో వదిలి వెళ్తే అదే మోగేది. "రెండు ఫోన్లుంటే నేను రెండు సోట్లా లేనట్టే ఉంది," అంది మా ఆవిడ.

తర్వాత టైలరమ్మ సంగతి జరిగింది. ఆగస్టు మొదట్లో ఆవిడకు మలేరియా వచ్చి ఆస్పత్రిలో చేర్చారు. వాళ్ళమ్మాయి రెండు నొక్కి మూడు రింగులిచ్చింది. గంటాగి మళ్ళీ మూడు. మేమిద్దరం ఇంట్లో లేని వేళ అలమరలో ఫోను మోగి మోగి, మేం వచ్చేసరికి చార్జింగు అయిపోయి ఉంది. మాకు రెండు రోజుల తర్వాత తెలిసింది. ఆ రెండు రోజులూ ఆ తల్లీకూతుళ్ళు బన్నులు తిన్నారు. మా ఆవిడ క్యారేజీ పట్టుకుని పరుగెత్తింది.

"పర్లేదమ్మా, బన్ను బాగానే ఉంది," అందట టైలరమ్మ. తిట్టినా బాగుండేది.

మా ఆవిడ ఇంటికి వచ్చి అన్నం తినలేదు. "నంబరు మారిసినట్టు లేదండీ. ఇల్లొగ్గీసి పారిపోయినట్టుంది," అంది. తర్వాత, "మంగళవారం అందరినీ అడుగుతాను. మారరంటే నేనే ఎనక్కి ఎలిపోతాను. అటు ఒకత్తి, ఇటు పన్నెండుగురు," అంది.

ఆ ఒకత్తి ఎవరో నాకు తెలుసు. అందుకే ఆ మంగళవారం వంటింటి గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ప్రార్థన అయ్యాక మా ఆవిడ లేచి విషయం చెప్పింది. అందరూ నర్సమ్మగారి వైపు చూశారు. సమాజంలో ఆవిడ మాటే మాట. ఎప్పుడూ ఇస్త్రీ చీర, చేతిసంచిలో స్పిరిటు సీసా, దూది. ఎవరికి దెబ్బ తగిలినా ముందు తుడిచి తర్వాత తిట్టే మనిషి.

"సూడమ్మా," అంది నర్సమ్మగారు, "మనందరం ఒక కంపెనీలో ఉన్నాం, ఫ్రీగా మాట్లాడుకుంటన్నాం. నువ్వెలిపోతే ఎలాగ? రేపు ఇంకొకరు ఎలిపోతారు. ఇది సంఘమా, బస్సు స్టాండా?"

"మీరు నాకు మాట్లాడేదెప్పుడక్కా, రింగిచ్చి పెట్టీడమే కదా. తిరిగి సేసేది నేను," అంది మా ఆవిడ.

జీడితోట ఆవిడ నవ్వింది. నర్సమ్మగారు నవ్వలేదు.

"కార్డులు రాశాను కదండీ," అన్నాను నేను.

"మీ కార్డు మా గొప్పగా ఉందండీ మాస్టారూ," అంది టైలరమ్మ. "నాను కీర్తనల్లో పెట్టుకున్నాను. ఎర్ర సిరా!"

"అందులో నంబరు ఫోనులో ఎక్కించుకోవాలి."

"ఓలమ్మ, ఎక్కించడం మాకేటి తెలుసండీ? కొట్టాయన ఎక్కించాడు. రెండు నొక్కితే అమ్మ పలుకుతాది. అంతే మాకు తెలుసు."

అప్పుడు ఆరున్నర. మా ఆవిడ కొత్త ఫోను మోగింది. చెల్లెలు. మా ఆవిడ అందరివైపూ చూసి, ఆపబోయింది. నర్సమ్మగారు, "ఎవరది? కొండమీద గుంటేనా? ఇలాగియ్యి," అని ఫోను లాక్కుంది.

మా మరదలు మా చర్చిలోనే పెరిగింది. పెళ్ళికి ముందు పాటల బృందంలో ఉండేది. నర్సమ్మగారే ఆవిడకు పాటలు నేర్పింది.

"ఏటే గుంటా! బతికున్నావేటే? ఉలుకు లేదు, పలుకు లేదు. ఏటి? ఎన్నిసార్లు? ఎవర్తె సెప్పింది లైను బిజీ అని?" కొంచెంసేపు విన్నది. ఆవిడ గొంతు తగ్గింది. "మీ ఆయనెలాగున్నాడే? వీపుకి పుళ్ళు పడనీకు. గంటకోసారి పక్క మార్సు. ఒక్కద్దానివే మారుస్తన్నావా? ... దుప్పటి కింద ఏసి లాగు, నడుం పట్టీకుండా." అలా చెబుతూ ఉంది. అందరూ వింటున్నారు. చివరకు ఫోను మా ఆవిడకు ఇచ్చేసి కళ్ళద్దాలు తుడుచుకుంది.

తర్వాత నాతో అంది: "సరే, తగలెట్టండి మాస్టారూ. ఎలాగ మారుస్తారో మార్సండి. నాకు నమ్మకం లేదు, ఆ సిన్న కంపెనీ ఎన్నాళ్ళుంటాదో ఏటో. ఫోన్లు తీయండర్రా."

మా ఆవిడ ఇంకా మాట్లాడుతూనే, ఎడమ చేత్తో కొంగు కళ్ళకు ఒత్తుకుంది.

ఫోన్లు పోగు చెయ్యడానికి ఏమీ దొరక్క చర్చి కానుక సంచి తీసి తిప్పారు. పదకొండు పడ్డాయి. నేను భోజనాల బల్ల మీద పరిచాను. నంబరు సరిచూసుకోవడానికి అలమరలోంచి మా పాత ఫోను కూడా తెచ్చి, కాసేపు చార్జింగు పెట్టి తీసి, అక్కడే ఉంచాను. అన్నీ నల్లవి, అన్నీ ఒకేలా ఉన్నాయి. పెద్ద టీచరమ్మ ఫోనుకు మాత్రం ఎర్ర దారం కట్టి ఉంది.

మాకు పోస్టాఫీసులో స్టాంపుల షీటు చుట్టూ ఉండే తెల్ల అంచు పారెయ్యడం అలవాటు లేదు. దాని వెనక జిగురుంటుంది. చినిగిన కవరు అతకడానికి అదే వాడేవాళ్ళం. రిటైరైనా నా దగ్గర ఒక డబ్బా నిండా ఉంది. ఒక్కొక్క ముక్క మీద పేరు రాసి, తడిపి, ప్రతి ఫోను వెనకా అతికించాను. మా ఫోనుకు అతికించలేదు. మాది మాకు తెలియదా అనుకున్నాను. తర్వాత ఒక్కొక్క ఫోనే తీసి, 'సెక్రటరీ' అనే పేరు దగ్గర పాత నంబరు తీసేసి కొత్తది ఎక్కించి, రెండు నొక్కి చూసి, డైరీలో టిక్కు పెట్టాను. మా ఆవిడ చేతిలో కొత్త ఫోను పదకొండుసార్లు మోగింది. పదకొండోసారి ఏడుంపావు. అప్పుడే కరెంటు పోయింది.

కొవ్వొత్తి వెలిగించి బల్ల మీద పెట్టి, అయిన పని అయినట్టు డైరీలో రాసుకుందామని పక్క గదిలోకి వెళ్ళాను. నేను చేసిన రెండో తప్పు అది. సార్టింగు బల్ల వదిలి లేవకూడదని కొత్తగా చేరినవాళ్ళకు నేనే చెప్పేవాణ్ణి.

నేను లేచానో లేదో నర్సమ్మగారు వచ్చి కూర్చుంది. అన్ని ఫోన్లూ అన్ని చేతులూ మారాయని ఆవిడ బాధ. సంచిలోంచి స్పిరిటు తీసి, దూదితో ఒక్కొక్కటీ శుభ్రంగా తుడిచింది. వెనకాల తెల్ల కాగితం ముక్కలు కనిపిస్తే, "ఈ కాయితాలేటి, ప్లాస్టరు ముక్కల్లాగ," అని అన్నీ ఒలిచేసి, ఉండ చేసి, బల్ల కింద పడేసింది. తర్వాత కొవ్వొత్తి వెలుతురులో పంచింది.

"ఇది నీదేటే?"

"నల్లదే కదండీ? నాదేనండి."

"బేగి తీస్కో. నీది?"

"నాదీ నల్లదేనండీ."

ఈ మాటలు నాకు గోడవతల నుంచి వినిపిస్తూనే ఉన్నాయి. ముక్కలు చూసి ఇస్తున్నారనే అనుకున్నాను. వాన కొంచెం తగ్గగానే అందరూ గొడుగులేసుకుని వెళ్ళిపోయారు. బల్ల మీద ఒక ఫోను మిగిలింది. మా పాతదని తీసి అలమరలో పెట్టాను. కరెంటు పోతే ఊళ్ళో టవర్లు కూడా పోయేవి కాబట్టి ఆ రాత్రి ఎవరికీ ఏమీ తెలియలేదు.

మరునాడు, ఆగస్టు 15, పొద్దున్న ఐదున్నరకు కరెంటు వచ్చింది. ఐదూ నలభైకి మా ఆవిడ కొత్త ఫోను మూడు రింగులు కొట్టింది. టైలరమ్మ పేరు కనిపించింది. మా ఆవిడ గాబరాపడి వెంటనే చేసింది.

"ఏటమ్మా టైలరమ్మా, మళ్ళీ జొరమా?"

"నాను టైలరమ్మని కాదండీ, జీడితోటావిడ్ని. ఈ ఫోను నాది కాదండీ. ఎవరో ఫోన్ సేసి జాకెట్టు కుట్టడం అయిందా అంటన్నారు."

పెట్టగానే ఇంకో మూడు రింగులు. చిన్న టీచరమ్మ పేరు, టైలరమ్మ గొంతు. తర్వాత ఇంకొకటి. చేతిలో ఎవరి ఫోనో ఉంది, అందులో ఎవరి పేర్లున్నాయో తెలియదు, తమ ఇంటివాళ్ళ నంబర్లు నోటికి రావు. ఏ ఫోనులోనైనా వాళ్ళకు తెలిసింది ఒక్కటే: రెండు నొక్కితే సెక్రటరీ అమ్మ పలుకుతుంది. పలికింది. జూలై అంతా నేను ఎర్ర సిరాతో సాధించలేనిది ఆ పొద్దున్న గంటలో జరిగిపోయింది. కొత్త నంబరుకు రింగివ్వనివాళ్ళు మిగల్లేదు, నర్సమ్మగారు తప్ప.

నేను డైరీలో గళ్ళు గీసి, ఎవరి ఫోను ఎవరింట్లో ఉందో రాయడం మొదలుపెట్టాను. నలుగురికి మాత్రం అదృష్టం కొద్దీ వాళ్ళవే చేరాయి; అవునా కాదా అని వాళ్ళూ రింగిచ్చారు. ఎర్ర దారం ఆవిడకు సరే. ముప్పై ఆరేళ్ళలో నా బల్ల మీంచి అన్ని ఉత్తరాలు ఒక్కసారిగా తప్పు సంచుల్లో పడలేదు. బల్ల కింద కాగితపు ఉండ కనిపించాక కారణం తెలిసింది.

"నర్సమ్మగారు ప్లాస్టర్లు తీసేసిందండీ," అని మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అంతలో అలమరలో ఫోను మోగింది. తీశాను.

"అమ్మా, జెండా దగ్గరికి ఎల్తన్నావా?" అన్నాడెవరో.

"అమ్మ కాదు బాబూ. మీరెవరు?"

యలమంచిలి నుంచి నర్సమ్మగారి పెద్దబ్బాయి. అంటే అలమరలో ఉన్నది నర్సమ్మగారి ఫోను. మరి మా పాత ఫోను?

గేటు దగ్గర గొడుగు కనిపించింది. ఏడు కూడా కాలేదు. నర్సమ్మగారు ఇస్త్రీ చీర తడుస్తున్నా పట్టించుకోకుండా లోపలికి వచ్చి ఫోను బల్ల మీద పెట్టింది.

"మాస్టారూ, మీరు మార్సిన నంబరు పనిసెయ్యదు! నాను సెప్పలేదా ఆ కంపెనీ సంగతి? తెల్లారగట్ల నుంచి ఇరవైసార్లు నొక్కాను. లైన్లన్నీ బిజీ అంటాది. సెప్పిందే సెప్తాది, సెప్పిందే సెప్తాది. మడిసన్నవాడికి ఓపికుండొద్దా? ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ఎలాగ?"

నేను నోరు తెరవబోయాను. మా ఆవిడ నా వైపు చూసింది.

మా ఆవిడ ఆ ఫోను చేతిలోకి తీసుకుంది. "ఇది నాదక్కా, పాతది. ఇందులో రెండు నొక్కితే నేను కాదు. మా సెల్లి."

నర్సమ్మగారు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రోజూ ఇదేనేటి?"

"రోజూనే అక్కా. రెండేళ్ళు."

"నువ్వు సాయంత్రం మేడమీదికెక్కుతావని మీ పనిమనిషి సెప్పేది. గాలికి ఎల్తన్నావనుకున్నాను." గొడుగు నుంచి నీళ్ళు కారి నేల మీద మడుగు కట్టింది. ఆవిడ దాన్ని చూస్తూ కూర్చుంది. తర్వాత నా వైపు చెయ్యి చాపింది. "నా ఫోను తెండి."

అలమరలోంచి తెచ్చి ఇచ్చాను. ఒక్కసారి కొంగుతో తుడిచి, కళ్ళద్దాలు సర్దుకుని, రెండు గట్టిగా నొక్కి పట్టుకుంది. బారెడు దూరంలో మా ఆవిడ చేతిలో కొత్త ఫోను మోగింది. ఒక రింగు, రెండు, మూడు. నర్సమ్మగారు పెట్టెయ్యలేదు. మా ఆవిడ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది.

"సెప్పండక్కా."

"సెప్పడానికేటుంది," అంది నర్సమ్మగారు ఫోనులోనే. "టీ పెట్టు."